స్టెంట్ వేశాక కూడా ముప్పు ఎందుకు?

క్యాథ్ ల్యాబ్ తలుపు బయట నిలబడ్డ కుటుంబం అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ రెండే. ఎన్ని బ్లాకులున్నాయి? ఏ కంపెనీ స్టెంట్ వేస్తున్నారు? డాక్టర్ బయటికొచ్చి మూసుకుపోయిన నాళం తెరుచుకుందని చెప్పగానే గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. చాలామందికి నిజంగానే గడుస్తుంది. కొందరికి మాత్రం ఆ రాత్రే బీపీ పడిపోతుంది. ఇంకొకరికి మూడో రోజున గుండె లయ తప్పుతుంది. మరొకరికి రెండో వారంలో అదే స్టెంట్‌లో మళ్లీ గడ్డ కడుతుంది. అన్నీ సవ్యంగా జరిగి ఇంటికెళ్లిన మనిషి ఆరు నెలలు తిరిగేసరికి నాలుగు మెట్లెక్కలేక ఆగిపోతాడు. ఒకే రకం పోటు, ఒకే రకం చికిత్స, ఇన్ని రకాల ఫలితాలు. ఎందుకిలా?

దశాబ్దాల అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్యాథ్ ల్యాబ్ బల్ల మీద గడిచే ముప్పావు గంటలో తేలేది తక్కువ. రోగి ఆ బల్ల ఎక్కడానికి ముందు గడిచిన గంటల్లో, దిగి ఇంటికెళ్లాక మింగిన, మింగని మాత్రల్లో తేలేది ఎక్కువ. స్టెంట్ కంపెనీ పేరు ఈ లెక్కలో ఎక్కడో అట్టడుగున ఉంటుంది.

ముందుగా మాట్లాడుతున్నది దేని గురించో స్పష్టం చేసుకోవాలి. గుండెకు రక్తం తీసుకెళ్లే కరొనరీ ధమని గడ్డకట్టి పూర్తిగా మూసుకుపోతే ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేస్తుంది. వైద్యులు దీన్ని స్టెమీ అంటారు. ఆ నాళాన్ని అప్పటికప్పుడు బెలూన్‌తో తెరిచి స్టెంట్ పెట్టడం ప్రైమరీ యాంజియోప్లాస్టీ. అత్యవసరంగా బైపాస్ ఆపరేషన్ చేయాల్సిన సందర్భాలు ఇప్పుడు అరుదు, కాబట్టి ఇక్కడ ఎక్కువ మాట యాంజియోప్లాస్టీ గురించే. ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ 1977 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో మొదటి కరొనరీ యాంజియోప్లాస్టీ చేసింది పోటు వచ్చిన మనిషికి కాదు, నొప్పితో బాధపడుతున్న స్థిరమైన రోగికి. పోటు మధ్యలో చేయడానికి వైద్యులు ఆ తర్వాత ధైర్యం చేశారు. అప్పటిదాకా ఆశంతా గడ్డ కరిగించే ఇంజెక్షన్ల మీదే. ఇటలీలో దాదాపు పన్నెండు వేల మంది మీద జరిగిన జిస్సీ అధ్యయనం స్ట్రెప్టోకైనేజ్ ప్రాణాలు నిలుపుతుందని 1986లో తేల్చింది. 2003లో కీలీ బృందం 23 ప్రయోగాలను కలిపి చూసినప్పుడు ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో స్వల్పకాలంలో 9 శాతం మంది, బెలూన్ చికిత్స పొందినవాళ్లలో 7 శాతం మంది మరణించారు. మళ్లీ పోటు రావడం 7 శాతం నుంచి 3 శాతానికి తగ్గింది. బెలూన్ మెరుగన్న మాట అక్కడితో ఖాయమైంది. కానీ ఆ 7 శాతం సంగతేమిటి?

మొదటి జవాబు కాలం. 1970ల చివర్లో రైమర్, జెన్నింగ్స్ కుక్కల గుండెల మీద చేసిన ప్రయోగాలు ఇప్పటికీ ఈ రంగానికి పునాది. నాళం మూసుకున్నాక గుండె కండరం ఒక్కసారిగా చచ్చిపోదు. లోపలి పొరలో మొదలైన చావు గంటగంటకూ బయటి పొర వైపు పాకుతుంది. నలభై నిమిషాలకు తెరిస్తే కండరంలో చాలా భాగం దక్కుతుంది. ఆరు గంటలకు తెరిస్తే దక్కేది నామమాత్రం. తర్వాత రాబోయే చిక్కులన్నీ, అంటే ఆయాసం, లయ తప్పడం, గోడ చిరగడం, చచ్చిన కండరం ఎంతన్న దాని మీదే ఆధారపడతాయి. నెదర్లాండ్స్‌లోని జ్వోల్లేలో డి లూకా బృందం 1,791 మంది రోగులను గమనించి 2004లో ఒక లెక్క చెప్పింది: నొప్పి మొదలైనప్పటి నుంచి బెలూన్ దాకా ప్రతి అరగంట ఆలస్యానికీ ఏడాది లోపు మరణించే అవకాశం సుమారు ఏడున్నర శాతం చొప్పున పెరుగుతుంది.

ఆలస్యమంటే ఎవరి ఆలస్యం? ఆసుపత్రులు చాలాకాలం తమ ఆలస్యాన్నే కొలుచుకున్నాయి. గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచి బెలూన్ ఊదేదాకా 90 నిమిషాలు దాటకూడదన్నది అమెరికాలో పెద్ద ఉద్యమమే అయింది. దాని ఫలితం ఆలోచింపజేస్తుంది. 2005-06 నుంచి 2008-09 మధ్య అక్కడి 96 వేల మందికి పైగా రోగుల వివరాలను మెనీస్ బృందం పరిశీలించింది. గుమ్మం నుంచి బెలూన్ దాకా పట్టే మధ్యస్థ సమయం 83 నిమిషాల నుంచి 67కి తగ్గింది. ఆసుపత్రిలో మరణాలు 4.8 శాతం నుంచి 4.7కి తగ్గాయి, అంటే దాదాపు కదల్లేదు. ఇది చూసి వేగం వృథా అన్నవాళ్లున్నారు. నాకు ఆ వాదన ఒప్పుగా తోచదు. గుమ్మం లోపలి పదహారు నిమిషాలు తగ్గించారు సరే, గుమ్మం బయట గడిచిన గంటలు అలాగే ఉన్నాయి. మొత్తం ఆలస్యంలో చిన్న ముక్కను కోసి పెద్ద ముక్కను వదిలేస్తే ఫలితం మాత్రం ఎలా మారుతుంది?

మన దేశంలో ఆ పెద్ద ముక్క ఎంతో 2008లో ద లాన్సెట్‌లో వచ్చిన క్రియేట్ రిజిస్ట్రీ చూపించింది. దేశవ్యాప్తంగా 20,468 మంది రోగుల వివరాలు అందులో ఉన్నాయి. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. ఆరు గంటలు! అంటే సగం మంది అంతకంటే ఆలస్యంగానే చేరారు. చేరిన తర్వాత గడ్డ కరిగించే మందు పడడానికి పట్టింది 50 నిమిషాలే. ఆ ఆరు గంటల్లో ఏం జరుగుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. మొదట గ్యాస్ అనుకుంటారు. సోడా తాగుతారు, గ్యాస్ మాత్ర వేసుకుంటారు, పక్కింటివాళ్లు వాము నమలమంటారు. తెల్లారాక చూద్దామనుకుంటారు. తెల్లారాక ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ చేస్తాడు. మధ్యాహ్నానికి పక్క టౌన్లో ఈసీజీ తీస్తారు, అక్కడ క్యాథ్ ల్యాబ్ ఉండదు. 2005లో మొదలైన 108 అంబులెన్సు చాలా జిల్లాల్లో పరిస్థితి మార్చింది గానీ, దానికి ఫోను చేయాలంటే ముందు ఇది గుండెపోటేమోనన్న అనుమానం రావాలి. కారులోనో ఆటోలోనో బయల్దేరిన మనిషికి దారిలో గుండె ఆగితే షాక్ ఇచ్చి లయను నిలబెట్టే యంత్రం ఆ వాహనంలో ఉండదన్నది మరో సంగతి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఛాతీలో నొప్పి అనగానే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టడం ఇప్పుడు ఇళ్లలో పరిపాటైంది. ఆస్పిరిన్ నమలడంలో మంచి అర్థముంది. సార్బిట్రేట్ విషయం అంత సూటిగా ఉండదు. పోటు గుండె కుడి గదికి తగిలితే శరీరం బీపీని నిలబెట్టుకోవడానికే అవస్థ పడుతుంటుంది. ఆ స్థితిలో రక్తనాళాలను వదులు చేసే ఈ మాత్ర పడితే బీపీ కుప్పకూలవచ్చు. ఈసీజీ, బీపీ చూడకుండా ఎవరికి పడితే వాళ్లకు పెట్టదగ్గ మాత్ర కాదది.

రెండో జవాబు, చేరేసరికి రోగి ఏ స్థితిలో ఉన్నాడన్నది. దీన్ని కొలిచే అత్యుత్తమ సాధనం ఇప్పటికీ స్టెతస్కోపే అనడం అతిశయోక్తి కాదు. 1967లో న్యూయార్క్‌లో కిల్లిప్, కింబాల్ 250 మంది రోగులను నాలుగు తరగతులు చేశారు. ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు ఏమీ లేనివారు మొదటి తరగతి, కింది భాగంలో కొంత వినిపిస్తే రెండో తరగతి, ఊపిరితిత్తులు నీటితో నిండిపోతే మూడోది, బీపీ పడిపోయి ఒళ్లు చల్లబడితే నాలుగోది. ఆనాటి మరణాల శాతం వరసగా 6, 17, 38, 81. అప్పటికి బెలూన్ లేదు, స్టెంట్ లేదు, గడ్డ కరిగించే మందు కూడా వాడుకలో లేదు. ఇవన్నీ వచ్చాక ప్రతి తరగతిలోనూ మరణాలు తగ్గాయి గానీ, తరగతుల మధ్య అంతరం చెరగలేదు. ఈనాడు ప్రపంచమంతా వాడే గ్రేస్ స్కోరులో ఎనిమిది అంశాలుంటాయి: వయసు, నాడి వేగం, పై బీపీ, క్రియాటినిన్, కిల్లిప్ తరగతి, వచ్చేసరికి గుండె ఆగిందా, ఈసీజీలో ఎస్‌టీ మార్పు, రక్తంలో గుండె కండరపు ఎంజైములు. ఎనిమిదింట్లో ఒక్కదానికీ క్యాథ్ ల్యాబ్ అక్కర్లేదు. మండల కేంద్రంలో నాడి పట్టి, బీపీ చూసి, ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించిన డాక్టరుకే రోగి భవితవ్యంలో సగం తెలిసిపోతుంది. మామూలు బీపీ ఉన్నా నాడి నిమిషానికి 110 కొడుతుంటే అది భయపడాల్సిన గుర్తు. గుండె బలం తగ్గిన లోటును వేగంతో పూడ్చుకుంటోందని దాని అర్థం.

ఈ గుర్తును పట్టించుకోకపోతే ఏమవుతుందో చైనాలో 45,852 మంది మీద జరిగిన కమిట్ ప్రయోగం 2005లో చెప్పింది. పోటు వచ్చిన వెంటనే గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్‌ను నరంలోకి ఎక్కించి చూశారు. లయ తప్పడం, మళ్లీ పోటు రావడం వెయ్యి మందిలో ఐదుగురు చొప్పున తగ్గాయి. కార్డియోజెనిక్ షాక్, అంటే కిల్లిప్ నాలుగో తరగతి స్థితి, మాత్రం వెయ్యికి పదకొండు మందికి ఎక్కువగా వచ్చింది. ముసలివాళ్లకు, బీపీ తక్కువగా, నాడి వేగంగా ఉన్నవాళ్లకు ఆ దెబ్బ మరీ ఎక్కువ తగిలింది. అంటే కొన్ని సందర్భాల్లో చికిత్సే ముప్పు కారకం.

కార్డియోజెనిక్ షాక్ దగ్గర కాస్త ఆగాలి. పోటు వచ్చినవాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి వచ్చే ఈ స్థితే ఆసుపత్రి లోపలి మరణాల్లో ఎక్కువ వాటికి కారణం. పెద్ద నాళం మూసుకుపోవడం, ముఖ్యంగా గుండె ముందు గోడకు రక్తమిచ్చే ఎల్‌ఏడీ మొదట్లోనే మూసుకుపోవడం, ఇంతకు ముందే ఒక పోటు వచ్చి ఉండడం, మధుమేహం, పెద్ద వయసు, ఆలస్యం దీనికి బాటలు వేస్తాయి. ఇలాంటి రోగులకు వెంటనే నాళం తెరవాలా, ముందు మందులతో నిలబెట్టాలా అన్న సందేహాన్ని 1999 నాటి షాక్ ప్రయోగం చాలావరకు తీర్చింది. నెల రోజులకు తేడా గణాంకాల పరీక్షకు నిలవలేదు. ఆరు నెలలకు మాత్రం తెరిచినవాళ్లలో 50 శాతం, మందులతో ఆగినవాళ్లలో 63 శాతం మరణించారు. ఆ తర్వాతి కథ ఎక్కువగా నిరాశే. తొడ నాళం గుండా బెలూన్ పంపు పెట్టడం దశాబ్దాల పాటు ఆచారంలా సాగింది. 2012లో జర్మనీలో 600 మందితో చేసిన ప్రయోగంలో పంపు పెట్టినా పెట్టకపోయినా నెలకు మరణాలు 40 శాతం దగ్గరే నిలిచాయి. రక్తానికి శరీరం బయట ఆక్సిజన్ అందించి తిరిగి పంపే ఎక్మో మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 2023లో వచ్చిన ఫలితం ఆ ఆశల మీద నీళ్లు చల్లింది. 2024లో మాత్రం డేంజర్ షాక్ అనే ప్రయోగం గుండె లోపలే తిరిగే చిన్న పంపుతో ఆరు నెలల మరణాలను 58.5 శాతం నుంచి 45.8కి తగ్గించి చూపింది. మూల్యం లేకుండా కాదు. రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, డయాలసిస్ అవసరం పడడం పెరిగాయి. ఆ పంపు ఖరీదు చూస్తే మన జిల్లా ఆసుపత్రి దాకా అది ఎప్పటికి వస్తుందో ఊహించడం కష్టం.

షాక్‌లో ఉన్న రోగికి మిగతా నాళాల్లోనూ బ్లాకులుంటే అన్నీ ఒకేసారి తెరిచేయాలన్న ఉబలాటం సహజం. కుటుంబాలు కూడా అదే కోరుతాయి: ఎలాగూ లోపలికి వెళ్లారు కదా, అన్నీ చేసేయండి అని. 2017 నాటి కల్‌ప్రిట్ షాక్ ప్రయోగం ఇది తప్పని తేల్చింది. పోటుకు కారణమైన ఒక్క నాళాన్నే తెరిచినవాళ్లలో నెల రోజులకు మరణమో, మూత్రపిండాలకు యంత్రం పెట్టాల్సి రావడమో 45.9 శాతం మందికి జరిగింది. అన్నీ తెరిచినవాళ్లలో అది 55.4 శాతం. బీపీ నిలకడగా ఉన్న రోగుల సంగతి వేరు. 4,041 మందితో చేసిన కంప్లీట్ ప్రయోగంలో మిగతా నాళాలను మరో విడతలో, ఆసుపత్రిలోనో కొన్ని వారాల లోపో తెరిస్తే మూడేళ్లలో గుండె సంబంధ మరణం లేదా కొత్త పోటు 10.5 శాతం నుంచి 7.8కి తగ్గింది. కాబట్టి రెండో విడత కోసం మళ్లీ రమ్మన్నారంటే బిల్లు పెంచడానికేనని అనుమానించనక్కర్లేదు. ఆ అనుమానానికి కారణాలు లేవని మాత్రం అనలేను.

వయసు, మధుమేహం, మూత్రపిండాలు, రక్తహీనత. ఈ నాలుగూ ప్రతి అధ్యయనంలోనూ తిరిగి తిరిగి కనిపిస్తాయి. దక్షిణాసియా వాసులకు మొదటి పోటు మధ్యస్థంగా 53 ఏళ్లకే వస్తుందని, మిగతా ప్రపంచంలో అది దాదాపు 59 అని ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపింది. వయసు తక్కువ కాబట్టి మనవాళ్లు త్వరగా కోలుకోవాలి. కానీ వయసు ఇచ్చే ఆ వెసులుబాటును షుగరు తినేస్తుంది. మధుమేహం ఉన్నవాళ్ల నాళాలు సన్నగా, పొడవునా బ్లాకులతో ఉంటాయి. రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ. నరాలు మొద్దుబారడం వల్ల నొప్పి తెలియక ఆలస్యంగా వస్తారు. అడ్మిషన్‌లో షుగరు బాగా ఎక్కువగా ఉండడం, అంతకు ముందు మధుమేహం లేనివాళ్లలోనూ, చెడు ఫలితానికి గుర్తే. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు పోటు రావడం గోరుచుట్టు మీద రోకటిపోటు. నాళాలు కనిపించడానికి ఎక్కించే రంగు మందు మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తుంది, మూత్రం తగ్గితే ఒంట్లో నీరు చేరుతుంది, ఆ నీరు అసలే అలసిన గుండె మీద పడుతుంది. రంగు మందు వల్ల మూత్రపిండాలు దెబ్బతినే ముప్పును అంచనా వేయడానికి 2004లో మెహ్రాన్ బృందం తయారుచేసిన స్కోరులో బీపీ పడిపోవడం, గుండె వైఫల్యం, 75 దాటిన వయసు, రక్తహీనత, మధుమేహం, రంగు మందు పరిమాణం, క్రియాటినిన్ ఉన్నాయి. గుండె లెక్కకూ, మూత్రపిండం లెక్కకూ సగం అంశాలు ఉమ్మడివే.

స్త్రీల విషయంలో మరణాలు ఎక్కువని చాలా అధ్యయనాలు అంటాయి. వయసు, షుగరు, ఆలస్యం లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు సన్నబడుతుంది. ఆలస్యానికి మళ్లీ రెండు మూలాలు: ఛాతీ నొప్పి కంటే ఆయాసం, వాంతులు, దవడ నొప్పి, విపరీతమైన నీరసం ముందుగా కనిపించడం ఒకటి, ఇంటి పనంతా అయ్యాక చెబుదామనుకోవడం మరొకటి. రక్తస్రావం కూడా వాళ్లకు ఎక్కువ. శరీరం బరువు తక్కువగా ఉన్నా మందు మోతాదు మగవాళ్లకిచ్చినంతే ఇవ్వడం అందుకు ఒక కారణం. ఇక పొగ తాగేవాళ్లు పోటు తర్వాత మెరుగ్గా బతుకుతారన్న విచిత్రమైన ఫలితం పాత అధ్యయనాల్లో కనిపిస్తుంది. మర్మం ఏమంటే, వాళ్లకు పోటు పదేళ్ల ముందే వస్తుంది. చిన్న వయసు వల్ల బతుకుతారు, బీడీ వల్ల కాదు.

ఇప్పుడు క్యాథ్ ల్యాబ్ లోపలికి. నాళం తెరిచినా రక్తం కండరంలోకి పారకపోవడం అక్కడి పెద్ద సమస్య. పెద్ద గొట్టం తెరుచుకుంటుంది, కింది సూక్ష్మనాళాలు మాత్రం గడ్డ తునకలతో, వాపుతో, తెల్ల రక్తకణాలతో బిగుసుకుపోతాయి. దీన్ని నో రీఫ్లో అంటారు. క్లోనర్ బృందం 1974లోనే కుక్కల గుండెల్లో దీన్ని వర్ణించింది. ఆలస్యంగా రావడం, గడ్డ పెద్దదవడం, షుగరు ఎక్కువగా ఉండడం దీనికి దారితీస్తాయి. అంటే ల్యాబ్ లోపల కనిపించే ఈ చిక్కు వేళ్లు కూడా చాలావరకు బయటే ఉన్నాయి. గడ్డను పీల్చేస్తే సరిపోతుందనిపించడం సహజం. కొన్నేళ్లు ఆ పీల్చే గొట్టం ప్రతి కేసులోనూ వాడారు. 2015లో 10,732 మందితో చేసిన టోటల్ ప్రయోగం దానివల్ల గుండెకు ఒరిగింది లేదని, పక్షవాతం మాత్రం 0.3 శాతం నుంచి 0.7కి పెరిగిందని చూపింది. రక్తం తిరిగి పారినప్పుడు కండరానికి కలిగే అదనపు గాయాన్ని సైక్లోస్పోరిన్ అనే మందుతో ఆపాలని చూశారు, కుదరలేదు. చేతికి బీపీ పట్టీ బిగించి వదిలి గుండెను సిద్ధం చేయడం మీద ఐదు వేల మందికి పైగా రోగులతో పరీక్ష పెట్టారు, 2019లో అదీ వీగిపోయింది. స్టెంట్ ఆ రోజు వేయకుండా రెండు రోజులాగి వేస్తే మేలేమోనని డెన్మార్క్‌లో చూశారు, అదీ తేలలేదు. తెలివైన ఆలోచనలు, చక్కటి తర్కం, పెద్ద ప్రయోగాలు, చేతికందింది కొంచెం. ఈ వరసను చూశాకే నా వాదన మీద నాకు నమ్మకం గట్టిపడింది.

అయినా యాంజియోప్లాస్టీ చేసే డాక్టర్ చేతిలో ఏమీ లేదనడం అన్యాయం. రెండు విషయాల్లో నైపుణ్యం ప్రాణం నిలుపుతుంది. ఒకటి దారి. తొడ నాళం బదులు మణికట్టు నాళం గుండా వెళితే రక్తస్రావం తగ్గుతుంది. ఇటలీలో వెయ్యి మందితో చేసిన రైఫిల్ ప్రయోగంలో రక్తస్రావం 12.2 శాతం నుంచి 7.8కి, గుండె సంబంధ మరణాలు 9.2 శాతం నుంచి 5.2కి తగ్గాయి. రక్తస్రావానికీ గుండెకూ సంబంధమేమిటంటే, రక్తం పోతే గడ్డ కట్టకుండా ఇచ్చే మందులు ఆపాల్సి వస్తుంది, అవి ఆపితే స్టెంట్ మూసుకుపోతుంది. రెండోది స్టెంట్ కొలత. పోటు సమయంలో నాళం ముడుచుకుని ఉంటుంది, లోపల గడ్డ ఉంటుంది. యాంజియోగ్రామ్‌లో సన్నగా కనిపించిన నాళానికి సన్నటి స్టెంట్ వేస్తే మర్నాడు నాళం విప్పారాక స్టెంట్ గోడకు అంటుకోకుండా వదులుగా మిగిలిపోతుంది. ఆ సందులో మళ్లీ గడ్డ కడుతుంది. మందుల్లోనూ ఒక కిటుకుంది. నొప్పికి మార్ఫిన్ ఇస్తే కడుపు కదలిక మందగించి, గడ్డ కట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్ రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మాత్రను పొడి చేసి ఇస్తే త్వరగా చేరుతుంది. అదే కోవలోని క్లోపిడోగ్రెల్‌కు ఇంకో పరిమితి ఉంది. అది పనిచేయాలంటే కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్చాలి. ఆ ఎంజైము జన్యుపరంగా మందకొడిగా ఉన్నవాళ్లు దక్షిణాసియాలో తక్కువేమీ కాదు.

బల్ల దిగాక మొదటి రెండు రోజులు లయ తప్పే ముప్పు ఎక్కువ. ఆ 48 గంటల్లో వచ్చే లయ భంగం భయపెట్టేదే అయినా, ఐసీసీయూలో వెంటనే షాక్ ఇచ్చి సరిచేస్తే చాలామందికి తర్వాత మామూలే. రెండు రోజులు దాటాక వచ్చేది వేరు, అది చచ్చిన కండరం మచ్చగా మారుతూ పంపే హెచ్చరిక. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య మరో అపాయం పొంచి ఉంటుంది: మెత్తబడ్డ గోడ చిరగడం, గదుల మధ్య పొరకు రంధ్రం పడడం, మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచే కండరం తెగడం. బెలూన్ చికిత్స వచ్చాక ఇవి ఒక శాతం కంటే తగ్గాయి. ఇప్పటికీ కనిపించేది ఎక్కువగా ఆలస్యంగా వచ్చినవాళ్లలో, పెద్ద వయసు వాళ్లలో, స్త్రీలలో, అది మొదటి పోటే అయినవాళ్లలో. బాగున్న రోగికి ఉన్నట్టుండి ఆయాసం పెరిగి గుండె మీద కొత్త శబ్దం వినిపిస్తే వెంటనే ఎకో తీయడం తప్ప మార్గం లేదు. గంటల్లో సర్జన్ చేతికి చేరకపోతే దక్కడం కష్టం.

డిశ్చార్జి కాగితంలో కుటుంబం చూడాల్సిన అంకె ఒకటుంది. మనవాళ్లు దాన్ని పంపింగ్ అంటారు. అది 40 శాతం కంటే తక్కువగా ఉంటే గుండె వైఫల్యం, లయ భంగం, గుండె గదిలో గడ్డ కట్టడం, అన్నింటికీ అవకాశం పెరుగుతుంది. పంపింగ్ తక్కువని తెలియగానే ఛాతీలో షాక్ యంత్రం అమర్చేస్తే సరిపోతుందా? 2004లో డైనమిట్ ప్రయోగం పోటు వచ్చిన తొలి 40 రోజుల్లో అమర్చినవాళ్లకు మొత్తం మరణాల్లో తేడా రాలేదని చూపింది. అందుకే మందులు వాడి, కండరం తేరుకునే వ్యవధి ఇచ్చి, మళ్లీ ఎకో తీశాకే ఆ నిర్ణయం. రెండో ఎకోకు రాని రోగుల గురించి మాత్రం ఏ మార్గదర్శకమూ ఏమీ చేయలేదు.

స్టెంట్‌లో గడ్డ కట్టడానికి వద్దాం. పోటు సమయంలో వేసిన స్టెంట్‌లో మొదటి నెలలో ఇది జరిగే అవకాశం స్థిరంగా ఉన్న రోగికి వేసినదానికంటే ఎక్కువ. కట్టిందంటే మళ్లీ అంతే పెద్ద పోటు. ఇందుకు అన్నిటికంటే బలమైన కారణం గడ్డ కట్టకుండా ఇచ్చిన రెండు మందుల్లో ఒకటి ఆపేయడం. అమెరికాలో మందు పూత స్టెంట్ వేసిన 500 మంది పోటు రోగులను ప్రీమియర్ రిజిస్ట్రీ గమనించింది. నెల తిరక్కుండానే ఏడుగురిలో ఒకరు క్లోపిడోగ్రెల్ తరహా మందు మానేశారు. ఆ తర్వాతి పదకొండు నెలల్లో మానినవాళ్లలో 7.5 శాతం మంది, కొనసాగించినవాళ్లలో 0.7 శాతం మంది మరణించారు. ఎవరు మానేశారో చూస్తే జబ్బు కంటే బతుకు ఎక్కువ కనిపిస్తుంది: వయసు పైబడినవాళ్లు, హైస్కూలు చదువు పూర్తి చేయనివాళ్లు, తోడు లేనివాళ్లు, ఖర్చుకు భయపడి వైద్యానికి వెళ్లనివాళ్లు. మన దగ్గర దీనికి ఇంకొన్ని కలుస్తాయి. పంటి డాక్టరు పన్ను తీయడానికి ఆపమంటాడు. నొప్పి లేదు కదా అని మనిషే ఆపేస్తాడు. ఆసుపత్రిలో ఇచ్చిన పదిహేను రోజుల మాత్రలు అయిపోయాక మళ్లీ కొనాలని ఎవరూ గట్టిగా చెప్పరు.

2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు పరిమితి పెట్టింది. మందు పూత స్టెంట్ 29,600 రూపాయలకు దిగింది. అంతకు పదేళ్ల ముందు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ యాంజియోప్లాస్టీని పేదల దాకా తెచ్చింది. రెండూ గొప్ప మార్పులే. స్టెంట్ దొరికే సమస్య చాలావరకు తీరింది, స్టెంట్ దగ్గరికి చేరే సమస్య, వేశాక నిలుపుకునే సమస్య మిగిలాయి. చేరే దారిలో ఒక మార్గం గడ్డ కరిగించే మందును దగ్గరి ఆసుపత్రిలోనే ఇచ్చి, తర్వాత క్యాథ్ ల్యాబ్‌కు తరలించడం. మొదటి మూడు గంటల్లో వచ్చి, గంటలోపు బెలూన్ అందే వీలు లేనివాళ్లకు ఇది ప్రైమరీ యాంజియోప్లాస్టీకి ఏమీ తీసిపోదని 2013 నాటి స్ట్రీమ్ ప్రయోగం చూపింది. మెదడులో రక్తస్రావం 0.2 శాతం బదులు 1 శాతం మందికి వచ్చింది, అది దీని మూల్యం. మూడో వంతు మందికి మందు పనిచేయక అత్యవసరంగా నాళం తెరవాల్సి వచ్చింది, కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చి వార్డులో పడుకోబెట్టేస్తే చాలదు. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను క్యాథ్ ల్యాబ్ ఉన్న పెద్ద ఆసుపత్రులకు ముడివేసి చేసిన ప్రయత్నం ఫలితం 2017లో వెలువడింది. 2,420 మంది రోగుల్లో ఏడాది మరణాలు 17.6 శాతం నుంచి 14.2కి తగ్గాయి. అక్కడ కొత్త స్టెంట్ ఏదీ కనిపెట్టలేదు. ఈసీజీని ఫోనులో పంపారు, అంబులెన్సును సరైన గుమ్మానికి నడిపించారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్‌ను ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఇదే నమూనాలో మొదలైంది.

మళ్లీ క్రియేట్ రిజిస్ట్రీలోకి ఒకసారి తొంగి చూడాలి, ఎందుకంటే ముప్పు కారకాల ఏ స్కోరులోనూ లేని ఒక అంశం అందులో ఉంది. ధనికుల్లో 15.3 శాతం మందికి యాంజియోప్లాస్టీ జరిగితే పేదల్లో 2 శాతం మందికి జరిగింది. కొలెస్ట్రాల్ తగ్గించే చవకైన మాత్ర కూడా ధనికుల్లో 61 శాతం మందికి, పేదల్లో 36 శాతం మందికి అందింది. నెల రోజులకు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం మరణించారు. పరిశోధకులు వయసు, షుగరు, బీపీ వంటివన్నీ సరిచేసి లెక్కవేసినా ఆ తేడా పోలేదు. అందిన చికిత్సను లెక్కలోకి తీసుకున్నప్పుడు పోయింది.